సింక్ కొట్టి ఎదురుచూసే ఆఫీసులకి: బిమ్, ఐటీ ప్రశ్నలు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గోడు అండి. డిజైన్ ఆఫీసులో బిమ్ మొదలుపెట్టాం, సిస్టమ్స్ ఏం కొనాలి, సర్వర్ ఎక్కడ పెట్టాలి, మోడల్ ఎందుకింత నత్తనడక నడుస్తోంది అని. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి చోటంతా దీనికే ఇచ్చేశాను. బిమ్ అంటే తెలియనివాళ్లకి ఒక్క ముక్క, బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అన్నమాట, ఉత్త గీతలు గీయడం కాకుండా గోడని గోడగా, తలుపుని తలుపుగా, వాటి కొలతలూ మెటీరియలూ అన్నీ కలిపి ఒకే మోడల్‌లో కట్టుకుంటూ పోతాం, ప్లాన్లూ సెక్షన్లూ షెడ్యూళ్లూ (తలుపులెన్ని, గదులెన్ని అని చెప్పే పట్టికలు) అన్నీ ఆ మోడల్ లోంచే పుట్టుకొస్తాయి. అంటే ఆఫీసు మొత్తం పని ఒక ఫైల్ మీద వేలాడుతూ ఉంటుంది. ఆ ఫైల్ బరువు మోసేదే ఐటీ.

ప్రశ్న: మా ఆర్కిటెక్చర్ ఆఫీసులో 12 మందిమి. ఇన్నేళ్లూ గీతలు గీసే ఆటోక్యాడ్‌లో పనిచేశాం, ఇప్పుడు ఆటోడెస్క్ కంపెనీ బిమ్ సాఫ్ట్‌వేర్ రెవిట్‌కి మారుతున్నాం. మాకు సిస్టమ్స్ ఇచ్చే ఆయన సర్వర్ తరగతి జియాన్ ప్రాసెసర్, పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉన్న వర్క్‌స్టేషన్లు 12 ఒకేసారి తీసుకోమంటున్నారు. కోర్లు, అంటే ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే భాగాలు, ఎక్కువుంటే స్పీడ్ ఎక్కువ అంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: గంపగుత్తగా 12 మాత్రం కొనకండి, దయచేసి ఆగండి. కోర్లు ఎక్కువుంటే స్పీడ్ ఎక్కువ అన్న మాట రెండరింగ్‌కి, అంటే మోడల్ నుంచి ఫొటోలాంటి బొమ్మలు తీయడానికి, నిజం, రెవిట్‌లో రోజంతా చేసే మోడలింగ్‌కి చాలావరకు కాదు. ఎందుకో చెప్తాను. మోడల్‌లో ప్రతిదీ ఇంకోదాన్ని పట్టుకుని ఉంటుంది, గోడ జరిపితే అందులో ఉన్న కిటికీ జరగాలి, రూమ్ ఏరియా మారాలి, డైమెన్షన్ మారాలి, షెడ్యూల్‌లో అంకె మారాలి, ఒకటి తేలితే గానీ తర్వాతది లెక్క వేయలేదు కదా, అందుకే ఆ లెక్కల్ని 16 మందికి పంచి ఒకేసారి చేయించడం కుదరదు, ఎక్కువ భాగం ఒకే కోర్ మీద వరసగా నడుస్తుంది. కొన్ని పనులు పంచుకుంటుంది కానీ మనం విసుక్కునే పనులు ఎక్కువగా పంచుకోనివే.

మీరే చూడొచ్చు. పెద్ద మోడల్‌లో ఒక లెవెల్ ఎత్తు మార్చి వెంటనే టాస్క్ మేనేజర్ తెరవండి. రెవిట్ పైన నాట్ రెస్పాండింగ్ అని ఉంటుంది, మీరు చేతులు కట్టుకుని కూర్చుని ఉంటారు, ప్రాసెసర్ వాడకం చూస్తే మాత్రం 6 శాతమో 7 శాతమో అంటుంది. 16 థ్రెడ్ల (ఒకేసారి 16 పనుల వరసలు నడపగల) ప్రాసెసర్‌లో ఒక్కటి పూర్తిగా ఊపిరాడకుండా పనిచేస్తుంటే మొత్తం మీద కనిపించే లెక్క అదే, 100ని 16తో భాగిస్తే 6 చిల్లర. మిగతా 15 ఖాళీగా కూర్చున్నాయి. మరి ఇంకో 16 కలిపితే ఏం లాభం? ఆ ఒక్క కోర్ ఎంత వేగంగా పరిగెత్తుతుందో చూసుకోవాలి, అంటే సింగిల్ కోర్ స్పీడ్. కోర్లు బాగా ఎక్కువున్న సర్వర్ తరగతి ప్రాసెసర్లలో ఒక్కో కోర్ క్లాక్ (అది పరిగెత్తే వేగం) తక్కువగా ఉండటం మామూలే, అందుకే మోడలింగ్ సీటుకి మంచి క్లాక్ ఉన్న మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసరే చాలాసార్లు ఎక్కువ పని చేసిపెడుతుంది.

ర్యామ్ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. ఆటోడెస్క్ తన సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్‌లో ఇచ్చిన అందాజు ఏంటంటే 16 జీబీ ర్యామ్ ఉంటే డిస్క్ మీద 100 ఎంబీ దాకా ఉన్న ఒక మోడల్, 32 జీబీకి 300 ఎంబీ, 64 జీబీకి 700 ఎంబీ. అది ఒక్క మోడల్ మాట. మీరు ఆర్కిటెక్చర్ మోడల్‌లోకి స్ట్రక్చరూ ప్లంబింగూ ఎలక్ట్రికలూ లింక్ చేశారంటే వాటన్నిటినీ మోయాల్సింది ఆ ర్యామే, పక్కన బ్రౌజర్లో 40 ట్యాబ్‌లు, పీడీఎఫ్‌లు, మీటింగ్ కాల్ ఎలాగూ ఉంటాయి. కాబట్టి మోడలింగ్ సీటుకి కొత్తగా కొనేటప్పుడు 32 కంటే తక్కువ నేను చెప్పను, అందరి మోడళ్లూ కలిపి సరిచూసే కోఆర్డినేషన్ చేసేవాళ్లకి 64. కొనేటప్పుడు రెండు పెద్ద స్టిక్కులు పెట్టించుకుని మిగతా స్లాట్లు ఖాళీగా ఉంచండి, రెండేళ్ల తర్వాత సిస్టమ్ మార్చకుండానే పెంచుకోవచ్చు.

గ్రాఫిక్స్ కార్డు మీ అందరికీ పెద్దది అక్కర్లేదు. ప్లాన్లు సెక్షన్లు గీసేవాళ్లకి మధ్యరకం సరిపోతుంది. ఎన్‌స్కేప్, ట్విన్‌మోషన్, లూమియన్ లాంటివాటిలో క్లయింటుకి లోపలంతా తిప్పి చూపించేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు, ఆ డబ్బు వాళ్ల సీట్లకి పెట్టండి, అక్కడ కార్డు మెమరీ ఎంత ఉంటే అంత సుఖం. డిస్క్ అయితే అందరికీ బాగా వేగంగా చదివి రాసే ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీనే ఉండాలి, ఎందుకంటే మీరు రోజంతా పనిచేసే లోకల్ కాపీ మీ సిస్టమ్‌లోనే ఉంటుంది.

ముందు ఒక్క సిస్టమ్ తెప్పించుకోండి. మీరు ఎదురుచూస్తున్న పెద్ద ప్రాజెక్టుకి దగ్గరగా ఉన్న మోడల్ ఒకటి అందులో వేసి ఓపెన్ ఎంతసేపు, 3డీ వ్యూ తిప్పితే ఎలా ఉంది, 50 షీట్లు పీడీఎఫ్ కొడితే ఎంతసేపు అని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి రాసుకోండి. నచ్చితే మిగతావి. ఇల్లు అలకగానే పండగ కాదు కదా, కొన్న డబ్బాలు మూడునాలుగేళ్లు మనతోనే ఉంటాయి.

ప్రశ్న: సర్వర్ మా ఆఫీసులోనే ఉంది, తొమ్మిది మంది ఒకే సెంట్రల్ మోడల్ మీద చేస్తాం. ఉదయం బాగానే ఉంటుంది, సాయంత్రం సింక్ కొడితే 15 నిమిషాలు, ఒక్కోసారి అరగంట. కొత్త సర్వర్ కొంటే పోతుందా?

జవాబు: ఉదయం బాగుండి సాయంత్రం పాడవుతోంది అన్నారు చూడండి, జవాబు మీ మాటలోనే ఉంది. సెంట్రల్ మోడల్ అంటే అందరి మార్పులూ వచ్చి చేరే చోటు, ఎవరి లోకల్ కాపీలో వాళ్లు పనిచేసి సింక్రనైజ్ విత్ సెంట్రల్ కొడతారు, ఒకరి మార్పులు రాస్తున్నంతసేపు ఇంకొకరు ఆగాల్సిందే. ఇప్పుడు తొమ్మిది మందీ ఇంటికెళ్లే టైమ్‌కి అందరూ ఒకేసారి కొడితే చివరివాడు ముందున్న ఎనిమిది మంది అయ్యేదాకా చూడాలి, పైగా పొద్దున్నించి ఒక్కసారీ సింక్ చేయనివాళ్ల దగ్గర మార్పులు కుప్పలుగా పేరుకుని ఉంటాయి. సర్వర్ మార్చినా ఈ క్యూ పోదు. గంటకో గంటన్నరకో ఒకసారి చేయమనండి, సాయంత్రం ఎవరి తర్వాత ఎవరు అన్నది చాట్ గ్రూపులో ఒక మాట అనుకుని చేయమనండి. రెండు రోజుల్లో తేడా తెలుస్తుంది, పైసా ఖర్చు లేదు.

అయినా తగ్గకపోతే అప్పుడు వెతకాలి, ఊహించకూడదు. రెవిట్ ప్రతి సెషన్‌కీ జర్నల్ అని ఒక టెక్స్ట్ ఫైల్ రాస్తూ ఉంటుంది, యూజర్ ఫోల్డర్‌లో లోకల్ యాప్‌డేటా కింద ఆటోడెస్క్, రెవిట్, జర్నల్స్ అని పోతే దొరుకుతుంది. మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, ఏ పని ఎప్పుడు మొదలైంది ఎప్పుడు అయింది టైమ్‌తో సహా ఉంటుంది, ఆ క్షణాన మెమరీ ఎంత వాడిందో కూడా. నెమ్మదిగా ఉన్న సీటు జర్నల్, బాగున్న సీటు జర్నల్ పక్కపక్కన పెట్టండి. అందరికీ ఒకేలా నెమ్మదిగా ఉంటే మోడలో సర్వరో, ఒకరికే అయితే ఆ సీటు.

ఒక సీటు సంగతి చెప్తాను. నేను చూసిన ఒక ఆఫీసులో ఒకమ్మాయికి మాత్రం మోడల్ తెరుచుకోవడానికి పక్కవాళ్ల కంటే ఎంతో ఎక్కువ టైమ్ పట్టేది, సిస్టమ్ పాతదైందని రెండుసార్లు మార్చారు, పోలేదు. చివరికి నెట్‌వర్క్ స్టేటస్‌లో లింక్ స్పీడ్ చూస్తే 100 ఎంబీపీఎస్ అని ఉంది, పక్క సీట్లన్నీ 1 జీబీపీఎస్. బల్ల కింద చూస్తే కుర్చీ చక్రం రోజూ కేబుల్ మీద నుంచి దొర్లి ఒకచోట పూర్తిగా నలిగిపోయింది. గిగాబిట్‌కి, అంటే 1 జీబీపీఎస్‌కి, కేబుల్ లోపల ఉన్న నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు జతలు చాలు, ఒక జత తెగితే సీట్లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్చు ఏ గొడవా చేయకుండా 100కి దిగిపోయి పనిచేస్తూనే ఉంటుంది, ఎర్రర్ ఏమీ రాదు. 300 ఎంబీ మోడల్ 100 ఎంబీపీఎస్ మీద రావడానికి ఎంత బాగున్నా 24 సెకన్లు (ఫైల్ లెక్క బైట్లలో, లైన్ లెక్క బిట్లలో, బైటుకి ఎనిమిది బిట్లు), గిగాబిట్ మీద దాదాపు రెండున్నర సెకన్లు. రోజుకి ఎన్నిసార్లు తెరుస్తామో గుణించుకోండి. ఇంతకీ ఆ అమ్మాయి ఆరు నెలలు తనకే పని చేతకావట్లేదేమో అనుకుంటూ గడిపింది, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే ఒక రోజు కూర్చుని ప్రతి సీటు లింక్ స్పీడ్ చూసి రాసుకోండి, పాత స్విచ్చులుంటే తీసేయండి. సర్వర్ నుంచి మెయిన్ స్విచ్చు దాకా 10 గిగాబిట్ పెట్టుకుంటే అందరూ ఒకేసారి తెరిచినా ఇరుకవ్వదు.

ఇంకో రెండు అనుమానాలు. యాంటీవైరస్ ప్రతి సేవ్‌కీ మోడల్ ఫైళ్లని స్కాన్ చేస్తోందేమో చూడమనండి, ఏ ఫోల్డర్లకి మినహాయింపు ఇవ్వొచ్చో సెక్యూరిటీ చూసేవాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి, మీ అంతట మీరు ఆపేయకండి. రెండోది మోడల్ ఆరోగ్యం, వార్నింగులు వేలల్లో ఉన్నాయా, ఎవరో లింక్ చేయకుండా ఇంపోర్ట్ చేసిన డీడబ్ల్యూజీలు (ఆటోక్యాడ్ ఫైళ్లు) ఉన్నాయా, వాడని ఫ్యామిలీలు (తలుపులూ కిటికీలూ లాంటి రెడీమేడ్ వస్తువులు) పర్జ్ చేసి, అంటే తీసేసి, ఎన్నాళ్లయింది. లోకల్ కాపీ కూడా నెలల తరబడి అదే వాడకుండా పొద్దున్నే కొత్తది తీసుకోవడం అలవాటు చేయండి.

ప్రశ్న: మాకు రెండు ఊళ్లలో ఆఫీసులున్నాయి, మధ్య దాదాపు 1000 కిలోమీటర్లు. వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే భద్రమైన దారి) వేసి రెండో ఆఫీసువాళ్లు ఇక్కడి సర్వర్ మీదే రెవిట్‌లో పనిచేస్తున్నారు. గోడ మీద క్లిక్ చేస్తే నాలుగైదు సెకన్లు ఆగుతోందంట. ఇంటర్నెట్ స్పీడ్ రెట్టింపు చేయించాం, ఏమీ మారలేదు. ఎందుకు?

జవాబు: ఎందుకంటే మీరు రోడ్డు వెడల్పు చేశారు, దూరం మాత్రం అలాగే ఉంది. సెకనుకి ఎంత డేటా పడుతుందన్న బ్యాండ్‌విడ్త్ వేరు, పోయి రావడానికి ఎంతసేపన్న లేటెన్సీ వేరు. వెలుతురు ఫైబర్‌లో సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, 1000 కిలోమీటర్లు పోయి రావడానికే 10 మిల్లీసెకన్లు, దాన్ని ఎవ్వరూ తగ్గించలేరు, దారిలో రూటర్లూ వీపీఎన్ పెట్టే లెక్కలూ ఫైబర్ వంకరలూ కలిపితే 30, 40 కావడం మామూలే. ఇది తక్కువలా కనిపిస్తుంది. కానీ విండోస్ ఫైల్ షేరింగ్ ఒక్కసారి అడిగి మొత్తం తెచ్చేసే రకం కాదు, చిన్న చిన్నవిగా అడుగుతుంది, జవాబొచ్చాక ఇంకోటి అడుగుతుంది, మీరు గోడ మీద చెయ్యి వేసినప్పుడు రెవిట్ ఈ గోడ ఇంకెవరి దగ్గరైనా ఉందా అని సెంట్రల్‌ని అడిగి పర్మిషన్ తెచ్చుకోవాలి. ఒక పనికి 100 సార్లు పోయి రావాలనుకోండి, ఆఫీసులో అర మిల్లీసెకను చొప్పున మీకు తెలియనే తెలియదు, 40 మిల్లీసెకన్ల చొప్పున అయితే 4 సెకన్లు. మీ నాలుగైదు సెకన్లు అక్కడి నుంచి వచ్చాయి. అన్నట్టు ఈ లెక్క మీ దగ్గర నిజమా కాదా అన్నది పింగ్ (పోయి వచ్చే టైమ్ చూపించే కమాండ్) కొట్టి చూసుకోండి, ఒక్క నిమిషం పని.

దీనికి దారులు మూడున్నాయి. ఒకటి, సెంట్రల్ మోడల్‌ని క్లౌడ్‌లో పెట్టడం, రెవిట్ అయితే బిమ్ కొలాబొరేట్ ప్రో, ఆర్కిక్యాడ్ వాడేవాళ్లకి బిమ్‌క్లౌడ్. ఇందులో సింక్ చేసినప్పుడు మార్పులు మాత్రమే ప్రయాణం చేస్తాయి, రెండు ఆఫీసులకీ ఒకే న్యాయం. రెండోది రెవిట్ సర్వర్, ప్రతి ఆఫీసులో ఒక యాక్సిలరేటర్ పెట్టి దగ్గర్లోనే కాపీ ఉంచుతుంది, డేటా మీ చేతిలోనే ఉండాలన్న షరతు ఉంటే ఇది, కానీ దాన్ని చూసుకునే మనిషి మీ దగ్గర ఉండాలి, నిర్వహణ అంతా మీదే. మూడోది, రెండో ఆఫీసువాళ్ల సిస్టమ్స్ కూడా సర్వర్ పక్కనే పెట్టేసి వాళ్లు రిమోట్‌గా ఎక్కడం, వర్చువల్ డెస్క్‌టాప్ అంటారే అది. అప్పుడు మోడల్ కదలదు, తెర బొమ్మ మాత్రమే వస్తుంది. బాగుంటుంది గానీ మౌస్ తిప్పితే మోడల్ కాస్త వెనకబడి తిరగడం కొంతమందికి తలనొప్పి, ఇంకో మాట, వర్చువల్ సర్వర్లలో ప్రాసెసర్లు చాలాసార్లు కోర్లు ఎక్కువ క్లాక్ తక్కువ రకం, పైన మొదటి జవాబులో చెప్పిన గొడవ ఇక్కడ మళ్లీ వస్తుంది. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు మీ మోడల్‌తోనే ఒక వారం ట్రయల్ అడగండి.

మీ పరిమాణం ఆఫీసులకి నా ఓటు మొదటిదానికే. కాకపోతే క్లౌడ్‌కి వెళ్లాక ఇంటర్నెట్ లైనే మీ ఊపిరి, అందుకని రెండు లైన్లు ఉండాలి, వేర్వేరు కంపెనీలవి, వీలైతే బిల్డింగ్‌లోకి వేర్వేరు దారుల్లో వచ్చేవి, ఒకే గొయ్యిలో రెండు కేబుళ్లుంటే ఒకే తవ్వకానికి రెండూ పోతాయి. అప్‌లోడ్ స్పీడ్ ఎంతో విడిగా అడగండి, చాలా ప్లాన్లలో గొప్పగా చెప్పేది డౌన్‌లోడ్ ఒక్కటే.

ప్రశ్న: డ్రాప్‌బాక్స్, వన్‌డ్రైవ్ లాంటి ఫోల్డర్‌లో సెంట్రల్ మోడల్ పెట్టేస్తే ఇదంతా తప్పుతుంది కదా?

జవాబు: వద్దు. అవి ఫైల్‌ని ఫైల్‌గా కాపీ చేస్తాయి, లోపల ఏ గోడ ఎవరి దగ్గరుందో వాటికి తెలియదు. ఇద్దరు ఒకేసారి సేవ్ చేస్తే రెండు ఫైళ్లు తయారవుతాయి, రెండూ సగం సగం నిజమే, కలపడం ఎవరి వల్లా కాదు. పీడీఎఫ్‌లు పంచుకోవడానికీ ఫొటోలకీ హాయిగా వాడుకోండి, సెంట్రల్ మోడల్ మాత్రం అక్కడ పెట్టకండి.

ప్రశ్న: మా స్టోరేజ్ బాక్సులో రెయిడ్ ఉంది, అంటే డేటాని చాలా డిస్కుల మీద కలిపి ఉంచే పద్ధతి, ఒక డిస్క్ పోయినా డేటా పోదు. ఇంకా బ్యాకప్ కోసం విడిగా ఖర్చు పెట్టాలా?

జవాబు: పెట్టాలండి, ఇది రాయడానికే ఈ శీర్షిక మొత్తం వాడుకున్నా నాకు తృప్తే. రెయిడ్ ఒక డిస్క్ చావుని మాత్రమే ఆపుతుంది. ఎవరో పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే అన్ని డిస్కుల్లోంచీ ఒకేసారి పోతుంది, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ వస్తే అన్నిటిలోనూ ఒకేసారి తాళం పడుతుంది.

ఒకప్పుడు నేను పనిచేసిన చోట రెయిడ్ 5 ఉండేది. ఒక డిస్క్ పోయింది, కొత్తది పెట్టారు, అది రీబిల్డ్ అవుతుండగా ఇంకో డిస్క్ పోయింది, రెయిడ్ 5లో రెండు పోతే ఇక అంతే. బ్యాకప్ ఉందిలే అనుకున్నాం, రోజూ సక్సెస్ అని మెయిల్ వచ్చేది మరి. తెరిచి చూస్తే అందులో ఉన్నది పాత ప్రాజెక్టుల డ్రైవ్. మూడు వారాల కిందట ప్రాజెక్టుల్ని కొత్త డ్రైవ్‌కి మార్చారు, బ్యాకప్ జాబితాలో దాన్ని చేర్చడం మర్చిపోయారు. అందరికీ కాళ్ల కింద నేల కదిలినట్టయింది. మమ్మల్ని బతికించింది ఏంటంటే ఎవరి సిస్టమ్‌లో వాళ్ల లోకల్ కాపీలు. ఎనిమిది సిస్టమ్స్‌లోంచి లోకల్ ఫైళ్లన్నీ ఒక చోటికి తెచ్చి, ఎవరిది ఎన్ని గంటలకి చివరిగా సింక్ అయిందో తెల్లకాగితం మీద రాసుకుని, అన్నిటికంటే తాజాది ఎంచుకుని దాన్నే కొత్త సెంట్రల్‌గా సేవ్ చేశాం. మోడల్ దక్కింది. సెంట్రల్ కాని మిగతావన్నీ, ఉత్తరాలూ లెక్కలూ మార్కప్‌లూ, మూడు వారాలవి పోయాయి.

అందుకే 3-2-1 అంటారు, మూడు కాపీలు, రెండు రకాల మీడియా మీద, ఒకటి ఆఫీసు బయట. దీనికి నేను ఇంకోటి కలుపుతాను, ఆ బయటి కాపీని ఆఫీసులో ఎవరి పాస్‌వర్డ్‌తోనూ చెరపలేకుండా ఉండాలి, ర్యాన్సమ్‌వేర్ మొదట వెతికేది బ్యాకప్‌లనే. ఎంత పని పోతే భరించగలరు అన్నది మీరే తేల్చుకోండి, గంట అనుకుంటే సర్వర్‌లో గంటకో స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు), రోజు అనుకుంటే రాత్రికో కాపీ. నెలకోసారి మాత్రం బ్యాకప్ లోంచి ఒక మోడల్ తీసి డిటాచ్ ఫ్రమ్ సెంట్రల్ (అసలు సెంట్రల్‌తో సంబంధం తెంచి తెరిచే ఆప్షన్) పెట్టి తెరవండి, ఒక షీట్ ప్రింట్ కొట్టండి. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను లెక్కలోకి తీసుకోను. సెంట్రల్ పక్కన ఉండే బ్యాకప్ ఫోల్డర్ కూడా కాపీలోకి వస్తోందా చూడండి. సర్వర్‌కీ స్విచ్చులకీ యూపీఎస్ ఉండాలి, సింక్ మధ్యలో కరెంటు పోవడం కంటే మోడల్‌కి చేటు ఇంకోటి లేదు.

ప్రశ్న: మా స్ట్రక్చరల్ కన్సల్టెంట్ మేం పంపిన మోడల్‌ని రెవిట్ కొత్త వెర్షన్‌లో సేవ్ చేసి పంపారు. మా దగ్గర పాత వెర్షన్, తెరుచుకోవట్లేదు. వెనక్కి తీసుకురావడం ఎలా?

జవాబు: కుదరదు, రెవిట్‌లో పాత వెర్షన్‌కి సేవ్ చేసే దారి లేదు. మీ దగ్గరున్న పాత కాపీకి వెళ్లి ఆయన చేసిన మార్పులు మళ్లీ చేసుకోవడమో, అందరూ కలిసి పై వెర్షన్‌కి ఎక్కడమో. ఐఎఫ్‌సీగా తెప్పించుకుంటే చూడ్డానికీ కోఆర్డినేషన్‌కీ పనికొస్తుంది, ఐఎఫ్‌సీ ఐఎస్ఓ 16739 ప్రమాణం, ఏ సాఫ్ట్‌వేర్ అయినా చదివేలా చేసింది, కానీ దాన్ని తెచ్చి మామూలుగా ఎడిట్ చేసుకుంటాం అనుకుంటే నిరాశే. ప్రాజెక్టు మొదటి మీటింగులోనే ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ అన్నది రాయించి అందరి చేతా ఒప్పించండి, మధ్యలో మారాలంటే ఒక తేదీ పెట్టుకుని అందరూ ఒకే రోజు మారాలి. ప్రాజెక్టు రెండుమూడేళ్లు నడుస్తుంది కాబట్టి ఒక్కో సిస్టమ్‌లో మూడు వెర్షన్లు పక్కపక్కన ఉండటం మామూలే, డిస్క్ సైజు లెక్కేసేటప్పుడు అది గుర్తుంచుకోండి. అప్‌డేట్లు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు నొక్కకుండా అందరికీ ఒకేసారి పంపే ఏర్పాటు ఐటీవాళ్ల చేతిలో ఉండాలి.

ప్రశ్న: క్లయింట్ కాంట్రాక్టులో బిమ్ సమాచారం ఎలా నిర్వహించాలో చెప్పే ఐఎస్ఓ 19650 ప్రమాణం ప్రకారం సీడీఈ ఉండాలని రాశారు. సీడీఈ అంటే ఒక సర్వర్ కొనడమేనా?

జవాబు: కాదు. సీడీఈ అంటే కామన్ డేటా ఎన్విరాన్‌మెంట్, అందరి సమాచారం ఒక పద్ధతిలో ఉండే ఒకే చోటు. 19650లో మొదటి రెండు భాగాలూ 2018లో వచ్చాయి, వాటి ప్రకారం ఏ ఫైలైనా నాలుగు దశల్లో ఒకదాంట్లో ఉంటుంది, పనిలో ఉన్నది, మిగతా టీములతో పంచుకున్నది, ఆమోదం పొంది బయటికి వెళ్లింది, ఆర్కైవ్ అయినది. ఒక దశ నుంచి ఇంకో దశకి ఎవరు ఎవరి అనుమతితో పంపుతారు అన్నది మీరు రాసుకోవాలి, ఆ తర్వాతే దానికి సరిపడే సాఫ్ట్‌వేర్. ఈ క్రమం తిరగేసి ముందు సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్లు తర్వాత పాత ఫోల్డర్ అలవాట్లే అందులోకి మోసుకెళ్లడం చాలాసార్లు చూశాను. సెక్యూరిటీ కోసం ఐదో భాగం ఉంది, 2020లో వచ్చింది, ఆసుపత్రులూ విమానాశ్రయాలూ లాంటివి డిజైన్ చేసేవాళ్లు అది తప్పకుండా చదవాలి, ఏ గది వెనక ఏముందో మొత్తం మోడల్‌లో ఉంటుంది కదా, ఎవరు చూడొచ్చు అన్నది చిన్న విషయం కాదు.

ఒక చిన్న జాగ్రత్త. ఈ పద్ధతిలో ఫైల్ పేర్లు పొడుగ్గా ఉంటాయి, ప్రాజెక్టు కోడ్, కంపెనీ కోడ్, లెవెల్, టైప్ అన్నీ కలిపి. వాటిని ఏడెనిమిది ఫోల్డర్ల లోతున పెడితే మొత్తం పాత్ విండోస్‌లో మామూలుగా ఉండే 260 అక్షరాల హద్దు దాటిపోతుంది, అప్పుడు కొన్ని ప్రోగ్రాములు ఆ ఫైల్‌ని తెరవలేవు, కాపీ సగంలో ఆగిపోతుంది, ఎర్రర్ మాత్రం ఇంకేదో చెప్తుంది. ఫోల్డర్లు నాలుగైదు మెట్లకి మించకుండా ముందే గీసుకోండి.

ప్రశ్న: నేను బిమ్ కోఆర్డినేటర్‌ని. మా ఐటీ మేనేజర్ గారు మంచివారే కానీ ఏం అడిగినా సిస్టమ్ స్పెసిఫికేషన్ బాగానే ఉంది కదా అంటారు. వచ్చే ఏడాది బడ్జెట్ అడగబోతున్నారు. ఆయనకి ఎలా చెప్పాలి?

జవాబు: స్లో అని చెప్పకండి, ఆయనకి ఆ మాటతో చేయగలిగింది ఏమీ లేదు. రెండు వారాలు రాయండి. ముగ్గురు మనుషులు చాలు, ఒకరు మోడలింగ్, ఒకరు షీట్లు, ఒకరు రెండరింగ్. ఓపెన్‌కి ఎన్ని నిమిషాలు, రోజుకి ఎన్ని సింక్‌లు, ఒక్కోటి ఎంతసేపు, క్రాష్‌లు ఎన్ని, ఆ టైమ్‌కి ర్యామ్ ఎంత నిండింది. పక్కన జర్నల్ ఫైళ్లు జత చేయండి, ఆయన భాష అదే. మూడు ప్రాజెక్టుల మోడల్ సైజు నెలనెలా ఎలా పెరిగిందో కూడా ఇవ్వండి, స్కీమ్ దశలో 80 ఎంబీ ఉన్నది వర్కింగ్ డ్రాయింగుల నాటికి 400 అయిందంటే ఇప్పుడు మొదలవుతున్న ప్రాజెక్టుకి ఏడాది తర్వాత ఎంత కావాలో ఆయనే లెక్క వేసుకుంటారు. లేజర్ స్కాన్ పాయింట్ క్లౌడ్‌లు (భవనాన్ని లెక్కలేనన్ని చుక్కలుగా కొలిచిన ఫైళ్లు) రాబోతున్నాయా అన్నది మాత్రం తప్పకుండా చెప్పండి, ఒక్క పాత భవనం స్కాన్ పదుల జీబీలు అవుతుంది, అది ముందుగా తెలియకపోతే స్టోరేజ్ లెక్క మొత్తం తారుమారవుతుంది.

ఇంకొకటి, ఒక పూట ఆయన్ని మీ సీటు పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకోండి, సబ్మిషన్ రోజైతే ఇంకా మంచిది. ఆయన కళ్లముందు మీరు సింక్ కొట్టి ఎంతసేపు ఆగుతారో ఆయన కూడా అంతసేపు మీతో ఆగాలి. ఆ కాగితాలు ఆ తర్వాత ఇవ్వండి.